2×6 చెక్క ఫ్రేమ్ ఇల్లు, జోన్ 6: గాలి చొరబడని, చలి తగలని బయటి గోడ ఎలా వేయించాలి?

కొత్తింటి_గోడలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మినియాపోలిస్ దగ్గర రెండంతస్తుల ఇల్లు కట్టించబోతున్నాం. ఒక్కో అంతస్తు 1,250 చదరపు అడుగులు, కింద అంతే వైశాల్యంలో బేస్‌మెంట్, నాలుగు బెడ్‌రూములు. వాతావరణం ప్రకారం జోన్ 6 (అమెరికా కోడ్ లెక్కలో బాగా చలి ప్రాంతం).

బిల్డర్ ప్రతిపాదించిన గోడ, లోపలి నుంచి బయటికి: అరంగుళం డ్రైవాల్, 6 మిల్ పాలీ షీట్ (ఆవిరిని ఆపే ప్లాస్టిక్), 16 అంగుళాల ఎడంతో 2×6 స్టడ్‌లు (నిలువు చెక్కలు), వాటి మధ్య ఆర్-21 ఫైబర్‌గ్లాస్ బ్యాట్, 7/16 అంగుళాల ఓఎస్‌బీ (చెక్క పేళ్ల బోర్డు), హౌస్‌ర్యాప్ (నీటిని ఆపే షీట్), పైన ఫైబర్ సిమెంట్ సైడింగ్. ఫ్రేమింగ్ ఇంకా మొదలవలేదు కాబట్టి డ్రాయింగులు మార్చుకునే వీలుంది.

ఓఎస్‌బీ బయట ఇంకో పొర ఇన్సులేషన్ వేయిస్తే ఎన్ని అంగుళాలు వేయించాలి? లోపలి పాలీ ఉంచాలా, తీసేయాలా? "ఎయిర్‌టైట్‌గా కడతాం" అంటున్నారు గానీ, కాంట్రాక్టులో దాన్ని ఏ అంకెతో రాయించాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

ఉత్తరపు_గాలి:

ముందు ఆ ఆర్-21 సంగతి చూద్దాం. ఆర్ విలువ అంటే వేడిని ఎంత ఆపుతుందో ఆ అంకె. అది బ్యాట్ విలువ మాత్రమే. మామూలు ఫ్రేమింగ్‌లో స్టడ్‌లు, ప్లేట్లు, హెడర్లు, మూలలు కలిపి గోడ వైశాల్యంలో పావు వంతు దాకా చెక్కే ఉంటుంది. ఐదున్నర అంగుళాల చెక్క ఆర్ విలువ 7 కూడా ఉండదు. డ్రైవాల్, ఓఎస్‌బీ, సైడింగ్, రెండు పక్కల గాలి పొరలు కలిపి మరో 2.5 వస్తాయి. అంటే బ్యాట్ ఉన్న ముప్పాతిక భాగానికి ఆర్-23.5, చెక్క ఉన్న పావు భాగానికి ఆర్-9.4. ఆర్ విలువలను నేరుగా సగటు తీయకూడదు. యూ విలువలుగా (1ని ఆర్‌తో భాగిస్తే వచ్చేవి) మార్చి కలపాలి. అలా చేస్తే గోడ మొత్తానికి ఆర్-17 వస్తుంది. అదే గోడకు బయట ఆర్-12 పొర అంతటా పరిస్తే స్టడ్‌ల మీదుగా పోయే చలిదారి కూడా మూసుకుపోయి మొత్తం ఆర్-30 అవుతుంది. 12 చేర్చితే 13 పెరిగింది. బ్యాట్ రకం మార్చి ఆర్-23 చేసుకుంటే ఇందులో పదోవంతు లాభం కూడా రాదు.

బయటి పొర వల్ల అంతకంటే ముఖ్యమైన లాభం ఓఎస్‌బీ వెచ్చగా ఉండటం. మీ ఊళ్లో జనవరి సగటు సుమారు 16 డిగ్రీల ఫారన్‌హీట్, ఇంట్లో 70 అనుకుందాం. బిల్డర్ ఇచ్చిన గోడలో ఓఎస్‌బీ లోపలి ముఖం 19 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంట్లో తేమ 30 శాతం ఉంటే డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరయ్యే ఉష్ణోగ్రత) 37. అంటే ఏ సందులోంచి ఇంటిగాలి ఓఎస్‌బీ దాకా చేరినా అక్కడ మంచు కడుతుంది. మార్చి వచ్చాక ఆ మంచంతా కరిగి కింది ప్లేట్ మీదికి దిగుతుంది. కుళ్లు మొదలయ్యేది అక్కడే.

ఇప్పుడు బయట 3 అంగుళాల మినరల్ వూల్ (రాతి ఉన్ని) బోర్డు, అంటే ఆర్-12, పెట్టి చూడండి. ఓఎస్‌బీ 36 డిగ్రీలకు వస్తుంది. 4 అంగుళాలైతే, అంటే ఆర్-16, దాదాపు 40. జోన్ 6లో 2×6 గోడకు లోపల మామూలు లేటెక్స్ పెయింట్ ఒక్కటే ఆవిరి నిరోధకంగా చాలాలంటే బయట కనీసం ఆర్-11.25 ఉండాలని ఐఆర్‌సీ (అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్) చెబుతుంది (2×4 గోడకు 7.5). మూడంగుళాలతో ఆ గీత దాటారు, కానీ అంచునే ఉన్నారు. ఇంట్లో తేమ 40 శాతం దగ్గర ఉంచే కుటుంబమైతే డ్యూ పాయింట్ 45కు ఎక్కుతుంది, అప్పుడు మూడంగుళాలు అసలు సరిపోవు, నాలుగు కూడా కొంచెం వెనకబడతాయి. నా సలహా 4 అంగుళాలు. బడ్జెట్ ఒప్పుకోకపోతే 3 వేసి లోపల స్మార్ట్ మెంబ్రేన్ (తేమను బట్టి ఆవిరిని ఆపే, వదిలే షీట్) పెట్టండి. బయట ఒక్క అంగుళంతో మాత్రం సరిపెట్టవద్దు. దానికి పెట్టే ఖర్చు చలిని కొంత ఆపుతుంది గానీ ఓఎస్‌బీని డ్యూ పాయింట్ పైకి తేలేదు.

ఏ రకం అన్నది తరవాతి మాట. పాలీఐసో ఫోమ్ బోర్డు లేబుల్ మీద అంగుళానికి ఆర్-6 దాకా ఉంటుంది గానీ చలి ముదిరినకొద్దీ ఆ విలువ పడిపోతుంది. మీ చలికి అంగుళానికి 4.5 నుంచి 5 అని లెక్కేసుకోండి. పైగా రేకు ముఖం ఉన్న పాలీఐసో బయటి వైపు ఆరనివ్వదు. ఎక్స్‌పీఎస్ ఫోమ్ అంగుళానికి 5, ఈపీఎస్ ఫోమ్ 4, మినరల్ వూల్ 4. మినరల్ వూల్ ఆవిరిని బయటికి వదులుతుంది, మండదు, తడిసినా నీరు కిందికి జారిపోతుంది. చెక్క ఇంటికి నేను దాన్నే ఎంచుకుంటాను.

పాలీ తీసేయించండి. ఎండాకాలం ఏసీ నడుస్తుంటే గోడలోని తేమ లోపలి వైపు నడుస్తుంది, చల్లటి పాలీకి తగిలి వెనక నీరవుతుంది. ఇన్‌స్పెక్టర్ ఆవిరి నిరోధకం చూపించమంటే స్మార్ట్ మెంబ్రేన్ డేటా షీట్ ఇవ్వండి. పొడిగా ఉన్నప్పుడు అది 1 పర్మ్ (ఆవిరి ఎంత దాటుతుందో ఆ కొలత) లోపు ఉంటుంది కాబట్టి క్లాస్ 2 ఆవిరి నిరోధకం కిందికి వస్తుంది. తేమ పెరిగితే 10 పర్మ్ దాటి తెరుచుకుంటుంది, గోడ లోపలికి కూడా ఆరగలుగుతుంది.

గీత_తెగకూడదు:

పైన చెప్పిన లెక్కలతో ఏకీభవిస్తున్నాను. గాలి సంగతి నేను రాస్తాను. ఎందుకంటే డ్రాయింగుల్లో దాన్ని ఎవరూ గీయరు.

బిల్డింగ్ సైన్స్‌లో తరచూ ఇచ్చే ఒక లెక్క ఉంది. 4×8 డ్రైవాల్ షీట్ గుండా ఒక చలికాలమంతా ఆవిరిగా దాటే నీరు సుమారు క్వార్టులో మూడో వంతు. అదే షీట్‌లో ఒక చదరపు అంగుళం రంధ్రం ఉంటే గాలితోపాటు దాటేది సుమారు 30 క్వార్టులు. పాలీ ఉండాలా వద్దా అని గంటలు వాదించి, కరెంటు బాక్సుల వెనక రంధ్రాలు వదిలేస్తే ఆ వాదన దండగ.

గోడ సెక్షన్ డ్రాయింగ్ తీసుకుని ఎర్ర పెన్నుతో గాలి పొర ఎక్కడుందో పునాది నుంచి అటక దాకా చెయ్యి ఎత్తకుండా గీయండి. పెన్ను ఎక్కడ ఆగితే అక్కడ డీటెయిల్ లేదని అర్థం. మీ ఇంటికి ఆ గీత ఓఎస్‌బీ మీద ఉండటం మంచిది. లోపల పెడితే అంతస్తుల మధ్య రిమ్ జాయిస్ట్ (ఫ్లోర్ అంచు దూలం) దగ్గర, ప్రతి అడ్డగోడ దగ్గర, ప్రతి స్విచ్ బాక్స్ దగ్గర గీత తెగుతుంది. ఓఎస్‌బీ అతుకులకు ఎక్రిలిక్ టేప్ వేస్తే అదే గాలి పొర, రిమ్ మీదుగా ఆగకుండా పైదాకా పోతుంది. జిప్ షీతింగ్ (నీటి పొర ముందే అంటించి వచ్చే ఓఎస్‌బీ) అయితే నీటి పొర కూడా దాని మీదే ఉంటుంది, హౌస్‌ర్యాప్ అక్కర్లేదు. మామూలు ఓఎస్‌బీ అయితే హౌస్‌ర్యాప్ ఉంచి, గాలి పని మాత్రం టేప్‌కు అప్పగించండి. స్టేపుల్స్ కొట్టిన హౌస్‌ర్యాప్ గాలి ఆపుతుందని నమ్మవద్దు.

టేప్ దుమ్ము మీద, మంచు మీద, తడి మీద అంటదు. అంటించాక రోలర్‌తో గట్టిగా నొక్కాలి. చేత్తో రాసి వదిలిన టేప్ ఒక చలికాలానికి అంచులు లేస్తుంది. సైట్‌లో రోలర్ కనిపించకపోతే వెంటనే అడగండి.

తెగే చోట్లలో మొదటిది మడ్‌సిల్, అంటే పునాది మీద పడుకోబెట్టే చెక్క. కాంక్రీటు ఎప్పుడూ సమంగా ఉండదు, నీలం రంగు ఫోమ్ గాస్కెట్ ఒక్కటే ఆ ఎగుడుదిగుళ్లను పూడ్చదు. గాస్కెట్‌తో పాటు సీలెంట్ రెండు వరసలు వేయించండి. ఓఎస్‌బీని సిల్ కంటే అంగుళం కిందికి దించి, ఆ అంచు నుంచి కాంక్రీటు మీదికి లిక్విడ్ ఫ్లాషింగ్ (నీటిని, గాలిని ఆపే పూత) పూయించండి. బ్లోయర్ డోర్ పరీక్షలో (తలుపుకు పెద్ద ఫ్యాన్ బిగించి, పొగ పట్టి చూసి సందులు వెతికే పరీక్ష) పొగ ఎక్కువగా ఊగేది ఇక్కడే.

రెండోది పైన, గోడ అటకను కలిసే చోటు. ఓఎస్‌బీ పై అంచును టాప్ ప్లేట్‌కు టేప్ చేయాలి. ప్లేట్ లోపలి అంచుకూ సీలింగ్ డ్రైవాల్‌కూ మధ్య గాస్కెట్ గానీ సీలెంట్ గానీ పడాలి. లేకపోతే గీత ప్లేట్ దగ్గరే ఆగిపోతుంది. ట్రస్‌లు గోడ నుంచి గోడకు నేరుగా పడుతుంటే ఒక మంచి పద్ధతి ఉంది. లోపలి అడ్డగోడలు నిలబెట్టకముందే పై అంతస్తు సీలింగ్ అంతటికీ మెంబ్రేన్ ఒకే పరుపుగా కొట్టించి, తరవాత అడ్డగోడలు లేపడం. అడ్డగోడ పై ప్లేట్ల దగ్గర ఉండే డజన్ల అడుగుల సందు అసలు పుట్టదు. ఫ్రేమింగ్ వాళ్లకు క్రమం మారుతుంది కాబట్టి ముందే ఒప్పించాలి.

మిగతావి చిన్నవి. బయటి గోడకు ఆనే బాత్‌టబ్ వెనక ముందే షీట్ కొట్టి మూయాలి. గరాజ్‌కు ఇంటికి మధ్య గోడ కూడా బయటి గోడ కిందే లెక్క, రిమ్ దగ్గర జాయిస్ట్‌ల మధ్య బ్లాకింగ్ పెట్టి సీల్ చేయాలి. గోడ దాటి బయటికొచ్చే ఫ్లోర్ ఉంటే దాని కిందా అంతే.

అంకెలు: ఏసీహెచ్50 అంటే 50 పాస్కల్ ఒత్తిడి తేడాతో గంటకు ఇంటిగాలి ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క. సీఎఫ్ఎం50ని (అదే ఒత్తిడిలో నిమిషానికి దాటే ఘనపుటడుగుల గాలి) 60తో గుణించి ఇంటి ఘనపరిమాణంతో భాగిస్తే వస్తుంది. బేస్‌మెంట్ కలిపి మీది 3,750 చదరపు అడుగులు, ఎత్తు 9 అనుకుంటే 33,750 ఘనపుటడుగులు. 2021 ఐఈసీసీ (ఇంధన పొదుపు కోడ్) మీ జోన్‌కు పెట్టిన పరిమితి 3 ఏసీహెచ్50, అంటే సుమారు 1,690 సీఎఫ్ఎం. 1 ఏసీహెచ్50 కావాలంటే 560కి దిగాలి. పాసివ్ హౌస్ (అతి తక్కువ ఇంధనంతో నడిచే ఇళ్ల ప్రమాణం) వాళ్లు అడిగేది 0.6. ఈ పద్ధతి మొదటిసారి చేస్తున్న బిల్డర్‌తో 1.5 అని, అంటే 844 సీఎఫ్ఎం50 అని రాయించండి. "ఎయిర్‌టైట్" అన్న మాటకు కాంట్రాక్టులో విలువ లేదు.

పరీక్ష రెండుసార్లు జరగాలి. ఓఎస్‌బీ టేప్ అయి, కిటికీలు తలుపులు బిగించి, పై సీలింగ్ మూసిన వెంటనే, బ్యాట్‌లు పెట్టకముందు మొదటిది. అప్పుడు సందులు కంటికి కనబడతాయి, సీలెంట్ గన్‌తో మూసేయవచ్చు. ఇల్లు పూర్తయ్యాక చేసే ఒక్క పరీక్ష వల్ల సర్టిఫికెట్ వస్తుంది గానీ, అప్పటికి మూయడానికి చోటు దొరకదు.

కొత్తింటి_గోడలు:

ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్ అండి. బిల్డర్‌తో మాట్లాడాను. నాలుగంగుళాల పొర మీద సైడింగ్ బరువుకు జారిపోతుందేమో అని వాళ్ల అనుమానం. దానికి బదులు డబుల్ స్టడ్ గోడ (రెండు వరసల స్టడ్‌లు) కట్టి 12 అంగుళాల సెల్యులోజ్ నింపుతాం, బయట ఏమీ వద్దు అంటున్నారు. ఇంకో సందేహం, ముందు వైపు సగం దాకా ఇటుక వెనీర్ (బయట కనిపించే ఒంటి వరస ఇటుక) ఉంది. మా వంటిల్లు పెద్దది, రోజూ పోపులు, వేపుళ్లు ఉంటాయి. ఇల్లు ఇంత బిగుతుగా ఉంటే వంటింటి చిమ్నీకి ఏమైనా ఇబ్బందా?

ఉత్తరపు_గాలి:

డబుల్ స్టడ్ చెడ్డ పద్ధతి కాదు. 1977లో కెనడాలోని రెజీనాలో కట్టిన సస్కచ్వాన్ కన్సర్వేషన్ హౌస్ దారిలో వచ్చినదే. హెరాల్డ్ ఓర్ బృందం ఆ ఇంటి గోడలను ఆర్-40తో, అసాధారణమైన బిగుతుతో కట్టి, ఫర్నేస్ లేకుండా నిలబెట్టింది. చలిదారులు బాగా తెగుతాయి, ఫోమ్ అక్కర్లేదు. కానీ అందులో ఓఎస్‌బీ మొత్తం గోడకు చలి అంచున కూర్చుంటుంది. మీ దగ్గర జనవరిలో అది దాదాపు బయటి ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. కాబట్టి గాలి పొరలో పొరపాటు జరిగితే ఆ గోడ క్షమించదు. కట్టేవాళ్లకు గాలి బిగింపు మొదటిసారి అయినప్పుడు ఓఎస్‌బీని వెచ్చగా ఉంచే గోడే క్షేమం.

అయినా డబుల్ స్టడ్‌కే వెళ్తే మూడు పట్టుబట్టండి: సెల్యులోజ్ ఘనపుటడుగుకు 3.5 పౌండ్ల సాంద్రతతో దట్టంగా నింపాలి, లేకపోతే కూరుకుపోయి పైన ఖాళీ వస్తుంది. లోపల స్మార్ట్ మెంబ్రేన్. సైడింగ్ వెనక పైన కింద తెరిచిన గాలి సందు. స్థలం లెక్క కూడా చూసుకోండి. మీ ఇంటి చుట్టుకొలత 142 అడుగుల దగ్గర ఉంటుంది. గోడ లోపలికి ఆరంగుళాలు మందమైతే ఒక్కో అంతస్తులో 71 చదరపు అడుగులు పోతాయి, చిన్న గది అంత.

సైడింగ్ జారుతుందన్న భయానికి జవాబు అంకెల్లోనే ఉంది. ఫైబర్ సిమెంట్ చదరపు అడుగుకు రెండున్నర పౌండ్ల చొప్పున తూగుతుంది. 16 అంగుళాల స్టడ్‌ల మీద 1×4 ఫర్రింగ్ పట్టీని (పొర మీద సైడింగ్ తగిలించే చెక్కను) ప్రతి 16 అంగుళాలకు ఒక స్క్రూతో బిగిస్తే ఒక్కో స్క్రూ వంతు 1.8 చదరపు అడుగులు, పట్టీ బరువుతో కలిపి ఐదారు పౌండ్లు. అది చాలా చిన్న భారం. స్క్రూ పొడవు ఇలా తీయండి: పట్టీ 0.75, ఇన్సులేషన్ 4, ఓఎస్‌బీ 0.44, స్టడ్‌లోకి 1.5. మొత్తం 6.7 అంగుళాలు, కాబట్టి 7 అంగుళాల స్ట్రక్చరల్ స్క్రూ. మూడంగుళాల పొరకు 6 చాలు. ఖచ్చితమైన ఎడం మీ సైడింగ్ బరువును బట్టి ఐఆర్‌సీ ఫర్రింగ్ పట్టికలో ఉంటుంది, ఇన్‌స్పెక్టర్‌కు అదే చూపించాలి.

ఇటుక వెనీర్ అయితే ఈ పట్టీల మీద నిలబడదు, దాని బరువు పునాది మోయాలి. నాలుగంగుళాల పొర వస్తుందని ఇప్పుడే చెప్పకపోతే పునాది మీద ఇటుక లెడ్జ్ (ఇటుక కూర్చునే గట్టు) చాలదు, తరవాత సరిదిద్దలేరు. ఇటుక వానకు తడిసి, ఎండ తగలగానే ఆ తేమను లోపలికి నెడుతుంది. పాలీ ఉన్న గోడ ముందు ఇటుక పెట్టడం అందుకే ప్రమాదం. కనీసం అంగుళం ఖాళీ, కింద నీరు పోయే వీప్ రంధ్రాలు, వాటి వెనక ఫ్లాషింగ్, ఇవి మోర్టార్‌తో మూసుకుపోకుండా చూడాలి.

చిల్లుల_పద్దు:

వంటింటి ప్రశ్నకు, కిటికీలకు నా వంతు.

మీ ఇల్లు 560 సీఎఫ్ఎం50 దగ్గర ఆగిందనుకుందాం. 400 సీఎఫ్ఎం చిమ్నీ ఆన్ చేసి వేరే గాలి దారి ఇవ్వకపోతే ఇంట్లో ఒత్తిడి బయటికంటే సుమారు 30 పాస్కల్‌లు పడుతుంది. మామూలు గ్యాస్ వాటర్ హీటర్ పొగ వెనక్కి తిరగడానికి 5 పాస్కల్‌లే చాలు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. అందుకని బిగుతైన ఇంట్లో గ్యాస్ ఫర్నేస్, వాటర్ హీటర్ తప్పనిసరిగా సీల్డ్ కంబషన్ రకం (గాలిని బయటి నుంచే తీసుకుని పొగను బయటికే పంపేది) ఉండాలి, లేదా హీట్ పంప్. సహజంగా పొగ లాగే ఉపకరణం ఇంట్లో ఉండి, చిమ్నీ 400 సీఎఫ్ఎం దాటితే కోడ్ ప్రకారమే మేకప్ ఎయిర్ (బయటికి పోయిన గాలికి బదులు తెచ్చే గాలి) కావాలి. మీరు 400 లోపున్నా పెట్టించండి: చిమ్నీతో పాటు తెరుచుకునే డ్యాంపర్, దాని గాలిని వేడి చేసే చిన్న హీటర్. మైనస్ పదిలో గాలిని నేరుగా వంటింట్లోకి వదిలితే ఆ డ్యాంపర్‌కు గుడ్డలు కుక్కి మూసేస్తారు.

ఇండక్షన్ స్టవ్ అయితే మంట వేడి గాలి ఉండదు, తక్కువ సీఎఫ్ఎంతోనే పోపు ఘాటు పోతుంది. చిమ్నీ వెడల్పు స్టవ్ కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, గాలిని గోడ బయటికే పంపాలి. ఫిల్టర్ దాటించి మళ్లీ ఇంట్లోకే వదిలే రకం మన వంటకు పనికిరాదు, ఆవిరి అంతా ఇంట్లోనే ఉంటుంది. కుక్కర్లు, ఇడ్లీ పాత్రలు, తడిబట్టలు ఇంట్లో ఆరేయడం, ఇవన్నీ కలిసే చలికాలపు తేమను 40 దాటిస్తాయి. పైన ఉత్తరపు_గాలి గారు చెప్పిన 36, 40 డిగ్రీల లెక్క అప్పుడు తప్పుతుంది.

రోజూ గాలి మారడానికి ఈఆర్‌వీ గానీ హెచ్‌ఆర్‌వీ గానీ పెట్టండి. రెండూ బయటికి పోయే గాలి వేడిని లోపలికొచ్చే గాలికి ఇస్తాయి, ఈఆర్‌వీ తేమను కూడా కొంత వెనక్కిస్తుంది. ఆష్రే 62.2 (వెంటిలేషన్ ప్రమాణం) ప్రకారం మీ ఇంటికి వైశాల్యంలో 0.03 వంతు 112, పైన బెడ్‌రూముల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో గుణిస్తే 37, మొత్తం 150 సీఎఫ్ఎం. జనం తక్కువ, ఇల్లు పొడిబారుతుంటే ఈఆర్‌వీ. ఆరేడుగురు ఉండి రోజూ వంట సాగే ఇంట్లో హెచ్‌ఆర్‌వీ తేమను త్వరగా దించుతుంది. మీ చలికి ఏదైనా మంచు గడ్డకట్టకుండా డీఫ్రాస్ట్ ఉన్నదే తీసుకోండి. చిమ్నీ గొట్టాన్ని దీనికి ఎప్పుడూ కలపకూడదు, జిడ్డు కోర్‌ను పాడుచేస్తుంది.

కిటికీలు. వుడ్‌బరీ లాంటి మీ శివార్లలో 1990ల చివర కట్టిన స్టకో ఇళ్ల గోడలు కుళ్లింది ఎక్కువగా కిటికీల కిందే, ఇన్సులేషన్ లోపం వల్ల కాదు. కాబట్టి సిల్ బయటికి వాలుగా ఉండాలి, దాని మీద సాగే ఫ్లాషింగ్ టేప్ రెండు పక్కలా ఆరంగుళాలు పైకి ఎక్కాలి. ఆ తరవాత కిటికీ ఫ్లాంజ్‌కు (ఫ్రేమ్ చుట్టూ ఉండే బిగింపు అంచుకు) రెండు పక్కలా, పైన టేప్. కింద ఫ్లాంజ్‌కు మాత్రం టేప్ వేయకూడదు, లోపలికి వచ్చిన నీరు పోయే దారి అదే. లోపలి వైపు చుట్టూ బ్యాకర్ రాడ్ (సందులో దూర్చే ఫోమ్ తాడు), సీలెంట్ లేదా తక్కువగా ఉబ్బే ఫోమ్. నాలుగంగుళాల పొరతో కిటికీని బయటి ముఖానికి తేవాలంటే ప్లైవుడ్ పెట్టె కట్టాలి. అది కూడా గాలి పొరకు టేప్ అవ్వాలి, చాలాచోట్ల ఈ ఒక్కటే మర్చిపోతారు.

గీత_తెగకూడదు:

ఒక్క చేర్పు. పొర పెట్టకముందే ఓఎస్‌బీ మీద ప్రతి స్టడ్ గీతను సుద్దతారుతో కొట్టించి, ఆ గీత పై అంచు, కింది అంచు పునాది మీద, సాఫిట్ (చూరు కింది భాగం) దగ్గర మార్కు చేయించండి. లేకపోతే 7 అంగుళాల స్క్రూ స్టడ్‌ను తప్పి ఓఎస్‌బీని మాత్రమే తొలుస్తుంది. అది బిగుసుకోదు, చేతికి వెంటనే తెలుస్తుంది. అలా తప్పిన స్క్రూను అక్కడే వదిలేస్తే గాలికీ నీటికీ చిల్లు. తీసేస్తే ఇంకా పెద్ద చిల్లు, దాని ముందు బోర్డు ఉంటుంది కాబట్టి టేప్ వేయలేరు. స్టడ్‌లు కనిపిస్తున్నప్పుడే లోపలి నుంచి ఒకరు చూసి, బయటపడ్డ ప్రతి మొన చుట్టూ సీలెంట్ పెట్టాలి. ఇది మొదటి బ్లోయర్ డోర్ పరీక్షకు ముందు జరగాల్సిన పని కాబట్టి పరీక్షను పట్టీలు బిగించాకే పెట్టుకోండి.

మినరల్ వూల్ మెత్తన. స్క్రూను చివరిదాకా ఒకేసారి బిగిస్తే పట్టీ లోపలికి నొక్కుకుపోయి సైడింగ్ అలలుగా కనిపిస్తుంది. గోడ రెండు చివర్ల పట్టీలు ముందు సరిచేసి, మధ్య దారం లాగి, ఆ దారానికి ప్రతి పట్టీని స్క్రూ పావు తిప్పుగా సర్దాలి. పట్టీల కింది చివర ఖాళీకి పురుగులు, ఎలుకలు దూరకుండా జాలీ వేయించండి.